ఎనిమిది కిలోమీటర్ల తేడా

“పద్నాలుగు!” సైకిలు ముందు గొంతుక్కూర్చున్న సుమ అరిచింది. “నువ్వు పోయేటప్పుడు సైకిలు మీటర్లో కిలోమీటర్లు రాసి పెట్టుకున్నా. ఈడి నుంచి ప్రొద్దుటూరు బస్టాండుకు మూడు, తిరిగి రాను మూడు. ఆరు పెరగాల. పద్నాలుగు పెరిగింది. ఆ ఎనిమిది యాడివయ్యా?”

పులివెందులలో మూడు రోజుల డ్యూటీ ముగించుకుని వచ్చిన ఓబులేసు చొక్కా విప్పుతూ నవ్వినాడు. “సైకిలు బస్టాండులో పెట్టి బస్సెక్కినా. మీటరు తప్పు చూపిస్తాందిలే.”

“తప్పు మీటరు వారం వారం ఒకటే తప్పు చూపిస్తాదా?”

ఓబులేసు స్నానానికి పోయినాడు. సుమ కడుపులో మాత్రం ఎన్ని చెంబులు పోసినా ఆరని మంట. లోకంలో ఆడవాళ్లు మొగుడి చొక్కా మీద వెంట్రుకలు వెతుకుతారు. సుమ టైరు మీద దుమ్ము వెతికింది.

మరుసటి రోజు సైకిలు తోసుకుంటూ రిపేరు షాపుకు పోయింది. షాపాయన అల్లాబక్ష్ టైరు మీద సుద్దగీత గీసి, చక్రాన్ని ఒక చుట్టు నడిపించి, టేపు పెట్టి చూసినాడు. లెక్క సరిపోయింది.

“మీటరు బంగారమక్కా!”

“అయితే మా ఆయన రోల్డుగోల్డా అన్నా?”

“బంగారం అంగళ్ల ప్రొద్దుటూరు కదక్కా, గీసి చూస్తేనే తేలేది.”

బస్టాండు ఎంత దూరమంటే ఫోన్లో మ్యాపు మూడంది. ఆటోలో మీటరూ మూడే అంది. అందరూ మూడనేసరికి సుమకు మూడ్ పోయింది. కొలతలో తేడా వస్తే మళ్లీ కొలుచుకోవచ్చు. కాపురంలో కలత వస్తే ఏ టేపు పెట్టాల?

తరువాతి డ్యూటీ నాడు సీటు కింద సంచిలో తన పాత ఫోను దాచింది. అది యాడ పోతాందో కొత్త ఫోన్లో మ్యాపు చూస్తా కూర్చుంది. నీలం చుక్క బస్టాండు చేరింది. ఆగలేదు. జమ్మలమడుగు రోడ్డు పట్టి ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయి ఒక ఇంటి ముందర నిలబడింది. సైకిలు తొక్కేవాడు నిజాన్నీ తొక్కిపెట్టినాడు!

సుమ ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఒకటే లెక్క. నాకంటే తెల్లగుంటాదా? సన్నగుంటాదా? ఎట్లున్నా సరే, జుట్టు పట్టుకుని బజారుకీడ్చాల.

గేటు తోసింది. వాకిట్లో ఓబులేసు సైకిలు. దాని ముందర గొంతుక్కూర్చుని ఒకామె. చేతిలో టేపు, టైరు మీద సుద్దగీత, మెడలో నలిగి రంగు వెలిసిన పసుపుతాడు. ఇంట్లోకి చూసి కేకలేస్తాంది:

“పులివెందులలో డ్యూటీ అని పోయి ఇప్పుడొస్తివి. ఈడి నుంచి బస్టాండుకు నాలుగు, తిరిగి రాను నాలుగు. ఎనిమిది పెరగాల. పద్నాలుగెట్ల పెరిగిందయ్యా?”

గేటు చప్పుడుకు తిరిగింది. సుమను తల నుంచి కాళ్ల దాకా కళ్లతోనే కొలిచింది.

“ఆ ఆరు కిలోమీటర్లు నువ్వేనా?”