పుస్తకానికి బెజ్జం

పురాణం చదవడం మొదలుపెట్టిన లక్ష్మీనరసింహ, రెండో మాటకే ఆగిపోయాడు.

మైసూరులో కొత్త మహారాజు గద్దెనెక్కిన మరుసటి ఏడు. శ్రావణం వచ్చినా రాయచెర్లులో చినుకు లేదు. వాన కోసం ఏడు రోజులు పురాణం చదివించడం ఊరి ఆనవాయితీ. తండ్రి పోయాక ముప్పై ఏళ్లుగా చదివేది లక్ష్మీనరసింహే. తాటాకుల పొత్తాన్ని చెదలు తినేశాయని, పటేలు దొడ్డయ్య బెంగళూరు అంగడి నుంచి పోస్టులో అచ్చుపుస్తకం తెప్పించాడు.

"ఏమప్పా, గొంతు పట్టుకునిందా?" అన్నాడు పటేలు.

"దీనికి బెజ్జం లేదు పటేలప్పా."

"బెజ్జం యాల? అక్షరాలుండాయి గదా."

"తాటాకు నడుమ దారం బెజ్జం ఉండేది. ఆడికొస్తే నేను ఆగేది, మీరు గోవిందా అనేది. ఇప్పుడు యాడ ఆగేది? యాడ ఊపిరి తీసుకునేది?"

జనం ఆలోచనలో పడ్డారు. నిజమే. గోవింద పడని పురాణానికి వాన ఎట్లా పడుతుంది?

"చేతకాకుంటే చెప్పు. హొసకోట అయ్యవారిని పిలిపిస్తా," అన్నాడు పటేలు.

ఊరిచ్చే రాగులతోనే లక్ష్మీనరసింహ పొయ్యి వెలిగేది.

"బెజ్జం పెట్టించండి. వాన రాకుంటే నన్నడగండి."

వడ్రంగి బొమ్మన్న చెక్కకు బెజ్జాలు తొలిచే బరమా తెచ్చాడు. "నడుమ అక్షరాలు పోతాయేమో," అని గొణిగాడు.

"పోతే పోనీప్పా," అంది గుంపులోంచి ఓబమ్మ. "మా ఇంటాయన మాటల్లో సగం నాకు ఇనపడవు. సంసారం జరగలేదా?"

బొమ్మన్న పుస్తకాన్ని మోకాళ్ల కింద నొక్కిపట్టి తొలిచాడు. అక్షరాలు రంపంపొట్టులా రాలాయి.

ఈసారి లక్ష్మీనరసింహ గొంతు ఏరులా పారింది. కన్ను బెజ్జం మీద పడగానే ఆగాడు. ఊరంతా గోవిందా అంది. పుట తిప్పాడు. మళ్లీ బెజ్జం, మళ్లీ గోవింద. రాజ్యాలు పోయాయి, వనవాసాలు గడిచాయి, ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు.

ఏడో రోజు ఆఖరి పుట ముగిసిందో లేదో, వాన కుమ్మేసింది. పటేలు తన శాలువా తీసి లక్ష్మీనరసింహకు కప్పాడు.

"తాటాకుకేం తీసిపోలేదప్పా అచ్చు," అన్నాడు.

అప్పుడే తపాలా బైలప్ప తడిసి ముద్దయి వచ్చాడు. చంకలో ఇంకో కట్ట. బెంగళూరు అంగడి రాసిన ఉత్తరాన్ని అందరికీ వినపడేలా చదివాడు:

"మీరడిగిన పురాణాన్ని ఇప్పుడు పంపుతున్నాము, మొన్న మా పొరపాటున మీకు చేరినది పట్టుపురుగుల పెంపకం పుస్తకం."