గడపకు పెట్టిన జున్ను

"కాశీ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డుకు ఏడా అడ్డం రాలే, బహదూర్‌పురాల నా బర్రెల కొట్టమే అడ్డమొచ్చిందా?"

పొద్దున్నే లలితమ్మ నోరు లేచింది.

నాగపూర్, నిర్మల్ దాటొచ్చి, పట్నం నడుమ నుంచి కర్నూలు దారి పట్టే పెద్ద రోడ్డు అది. వెడల్పు చేస్తారట. చౌరస్తా దగ్గర కావాల్సిన జాగను రెండు పక్కలా సగం సగం తీస్తారట. సగమంటే కొట్టం మొత్తం పోయినట్టే. బర్రెలను నెత్తి మీద కట్టేసుకోవాలా?

వాకిట్లో నెరిసిన గడ్డపాయనొకడు చేతికర్రతో కొట్టం గోడ నుంచి రోడ్డు దాకా కొలుస్తున్నాడు.

"రాజన్న ఉన్నడా అమ్మా?"

"పాలు పొయ్యపోయిండు. మొగోణ్ణి మాటల్ల పెట్టి ఏలిముద్ర గుంజుదామనా? ఏమున్నా నాతోని మాట్లాడు."

"మాణిక్యమ్మ?"

"మా అత్త పోయి ఏండ్లయింది. ఇగ ఆమె ఏలిముద్ర ఏడ దెస్తవ్?"

ఆయన కుడితి గోలెం అంచు పట్టుకొని కాసేపు అట్లాగే నిలబడిపోయాడు.

నాటకాలు, అనుకుంది లలితమ్మ.

నల్లబర్రె కొత్తగా ఈనింది. లోపల పొయ్యి మీద జున్ను ఉడుకుతోంది. ఏలకుల వాసన వాకిట్లోకి తన్నుకొచ్చింది.

"తొలి జున్ను లెక్కుంది. జరంత పెడ్తవా అమ్మా?"

"మా జున్ను వాడకట్టోళ్లకే. బయటోళ్లకు పెట్టం."

"అవ్. గది నిజమే."

నవ్వి, కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన చౌరస్తా మలుపు తిరిగాక లలితమ్మ జున్ను పంచడానికి లేచింది. మొదటి దొప్ప తీసుకెళ్లి, రోడ్డుకవతల ఏండ్ల తరబడి తాళం పడ్డ ఇంటి గడప మీద పెట్టింది. 'మన తొలి జున్ను ఆ గడపకే పోవాలె' అన్నది అత్త. ఎందుకని ఈమె ఏనాడూ అడగలేదు. అత్త మాటంటే మాటే. ఎప్పటిలాగే పిల్లులు నాకిపోయాయి.

వారం తిరక్కుండానే రోడ్డోళ్లు సున్నం గీత గీశారు.

కాశీ నుంచి వస్తున్న రోడ్డు అక్కడ కొంచెం వంగింది. కొట్టాన్ని ముట్టలేదు. ఎదురింటిని నిలువునా మింగింది.

"మాదెట్ల బచాయించిన్రు సారూ?"

"ఎదురింటాయన వచ్చి ఒప్పుకున్నడమ్మా. రెండు దిక్కులదీ నా ఇంట్లనే తీస్కోండి, ఆ కొట్టానికి గడ్డపార తగలొద్దన్నడు. ఇల్లంత పోతదంటే ఇనలే."

"ఎట్లుంటడాయన?"

"గడ్డం నెరిసింది. చేతిల కర్ర. సత్తార్ సాబని. ఇగ ఈడ నాకెవరున్నరని, నిన్ననే కర్నూలు బస్సెక్కిండు."

పాల క్యాను దించుతున్న రాజన్న చేతులు ఆగిపోయాయి.

"సత్తార్ వచ్చిండా? మన వాకిట్లకొచ్చిండా? ఏమన్న పెట్టినవానే?"

లలితమ్మ రోడ్డవతలికి చూసింది. ఎదురింటి గడప మీద ఎండిన దొప్ప గాలికి కొట్టుకుంటోంది.

రాజన్న దానిదిక్కే చూస్తూ అన్నాడు.

"నేను పుట్టిన నెలల్నే వాన్ని కని వాళ్లమ్మ పోయింది. ఒక రొమ్ము నాకు, ఒక రొమ్ము వానికి ఇచ్చి మా అమ్మే ఇద్దర్నీ సాదింది."