లెక్కలామె

రోగులతో కడప ఆసుపత్రికి పోవాల్సిన బండి కొండపక్కకు తిరిగింది.

విశ్వాసమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

ఆమె భుజంమీద తల వాల్చిన భర్త ఏసేపు ఎగశ్వాస తీస్తున్నాడు. పాదాలు నీరుపట్టి చెప్పుల్లో దూరడంలేదు. మొన్న బండి ఆలస్యమై, రక్తం శుద్ధిచేసే మిషను కాడ వంతు తప్పింది. ఈరోజు గూడా తప్పితే మనిషి మిగలడని డాక్టరు ముఖంమీదే చెప్పాడు.

"ఏమప్పా డ్రైవరూ, యాడికి తోల్తాండావు?"

"నన్నడగొద్దు పెద్దమ్మా. నేనే కొత్త. ఈయమ్మ చెప్పిన దోవన పొమ్మన్నారు," అన్నాడు నరసన్న, గడ్డంతో పక్క సీటు చూపిస్తూ.

పక్క సీట్లో బక్కపల్చని ఆడమనిషి. బద్వేలులో ఎక్కిందట. ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఎండ మండిపోతున్నా ఎడమచేతిని కొంగుతో కప్పుకొని ఫోనులో దోవ చూసుకుంటోంది. మధ్యమధ్య సీసామూతలో నీళ్లు పోసుకొని పెదాలు తడుపుకుంటోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"మాది ఓర్వకల్లు పెద్దమ్మా. ఇప్పుడు బద్వేలులో ఉంటాండా. నా పని లెక్కలు."

లెక్కలు!

ఆ మాట విశ్వాసమ్మ మరిచిపోలేదు. పోయినేడు గూడా ఇట్లే ఒకాయన వచ్చాడు. బండి ఖర్చుల లెక్కలు చూడాలన్నాడు. అవి తేలేదాకా బండి కదలగూడదన్నాడు. అవి తేలేలోగా తమ్ముడు శామ్ వెళ్లిపోయాడు. "అక్కా, బండి వచ్చినాదా?" అని అడుగుతూనే పోయాడు.

"జనాలు చస్తాంటే నీకు లెక్కలు గావాల్నా?"

"ఆ లెక్కలు గాదమ్మా. ఏ ఊరికి ముందు పోతే, ఏ ఊరికి ఎనక పోతే అందరూ టయానికి చేరతారని..."

"ఏ లెక్కలైతేనేమి! సక్కంగుండే రోడ్డు ఇడిసిపెట్టి కొండలెంబడి తిప్పుతాండావు."

"ఆ రోడ్డున పోతే ప్రతి ఊరికీ లోపలికి పోయి, మళ్లా అదే దోవన బయటికి రావాల. ఇట్ల పోతే ఎనక్కి తిరిగే పనే లేదు. చుట్టు మాదిరి కనపడతాది గానీ ఇదే దగ్గర."

"చుట్టు దోవ దగ్గరంట! ఇన్నారా?"

"రేపు శ్రీశైలం మీదుగా తీసకపోతాదిలే కడపకు," అన్నారెవరో వెనకనుంచి. బండంతా నవ్వింది.

విశ్వాసమ్మ నవ్వలేదు. ఏసేపుకు దగ్గుతెర వచ్చింది. కళ్లు తేలేశాడు.

"ఆపప్పా బండి! దిగు తల్లీ! నీకు దండం పెడతా, దిగు!"

బండి ఆగింది. వెనకనుంచి ఇద్దరు దిగొచ్చి లెక్కలామె పక్క తలుపు తీసి నిలబడ్డారు.

"పెద్దమ్మా, నేను గూడా..."

ఏసేపు మూలిగాడు. ఆమె మాట ఆపేసింది. వాచిన ఆ పాదాల వంక చూసింది.

"సరే, దిగుతాండా. మాట్లాడేకొద్దీ పెద్దాయనకు ఆలస్యమైతాది."

దిగి, కిటికీ పట్టుకొంది. "నరసన్నా, ఎనక్కి మాత్రం తిప్పొద్దు. ముందుకే పో. కాలవ దాటితే పెద్దరోడ్డు."

నిలువనీడ లేని బండరాళ్ల నడుమ ఆమె ఒక్కతే నిలబడిపోయింది. విశ్వాసమ్మ తిరిగి చూడలేదు.

తిప్పుదామన్నా చోటులేని దోవ. నరసన్న ముందుకే పోయాడు. దారిలో రెండూళ్ల రోగులు ఎదురుచూస్తూ నిలబడే ఉన్నారు, ఎక్కారు. కాలవ దాటగానే పెద్దరోడ్డు తగిలింది.

ఆసుపత్రి చేరేసరికి మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎన్నడూ లేనిది!

ఏసేపు చేతికి సూదులు ఎక్కాయి. మిషను తిరిగింది. "స్తోత్రం ప్రభువా," అనుకుంది విశ్వాసమ్మ.

అందరూ పడుకున్నాక ఒక్క మంచం మిగిలింది. నర్సు రెజీనా తలుపు వైపే చూస్తోంది.

"మేడమ్ రాలేదా మీతో?"

"ఏ మేడమ్?"

"లెక్కల మేడమ్. యూనివర్సిటీలో రేఖాగణితం మీద పరిశోధన చేసినామె. ఏ ఒక్కరి వంతూ తప్పగూడదని మీ బండికి కొత్త దోవ కట్టింది ఆమే గదా!"

కొంగు కప్పిన ఎడమచెయ్యి, సీసామూతలో నీళ్లు విశ్వాసమ్మ కళ్లముందు మెదిలాయి. డాక్టరు కొలత పెట్టినప్పటినుంచి ఏసేపు గూడా అట్లే తాగుతాడు.

"దోవ చూసేదానికే... వచ్చింది గదా తల్లీ?"

రెజీనా ఖాళీ మంచంమీద దుప్పటి సరిచేస్తూ అంది:

"దోవ చూసేదానికి గాదు పెద్దమ్మా, ఈ మంచం ఆమెదే."