టోకెన్లిచ్చే ఆవిడ

"డాక్టరేరీ?"

తాపీమేస్త్రి కేకకి చిన్నాసుపత్రి వరండా అంతా తలతిప్పి చూసింది.

అతని చేతుల్లో ఆరేళ్ళ కూతురు. గొంతు వాచిపోయింది. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టుంది. ఉమ్మి కూడా మింగలేకపోతోంది.

"యాక్సిడెంటు కేసుకి వెళ్ళారు. గంట పడుతుంది," అంది నర్సు.

"గంటా! నా తల్లి అందాకా ఉంటుందా?"

టోకెన్లిచ్చే ఆవిడ కుర్చీ తోసుకుని వచ్చింది. పాప పెదాలకేసి ఒక్క క్షణం చూసింది.

"గొంతు మూసుకుపోతోంది నాయనా. లోపలికి గొట్టం వెయ్యాలి. బల్లమీద కూర్చోబెట్టు, నేను వేస్తాను."

నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు మేడమ్. మీ కాగితం ఇంకా రాలేదు. ముట్టుకుంటే కేసవుతుంది."

"అయితే అవనీ."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డ నీకు ఆటబొమ్మలా ఉందా? పోయి నీ టోకెన్లు నువ్విచ్చుకో!"

భుజంతో ఆమెను పక్కకి నెట్టేశాడు.

"నా మాట విను. రాష్ట్రం దాటి పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి ముప్పావుగంట. అంతసేపు ఆగదు!"

అతనప్పటికే బయటున్న వ్యాను ఎక్కేశాడు. ఆవిడ వెంటే పరుగెత్తుకొచ్చింది. "పడుకోబెట్టకు! కూర్చోబెట్టే తీసుకెళ్ళు!"

ఆ ఒక్క మాట మాత్రం విన్నాడు.

సరిహద్దు గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. పాపను డ్రైవరుకి అప్పగించి, మేస్త్రి దిగి కనబడ్డవాడికల్లా దణ్ణం పెట్టాడు. దారి దొరికింది.

మళ్ళీ ఎక్కి పాపను ఒళ్ళోకి తీసుకునేసరికి ఈల ఆగిపోయింది.

నెమ్మదించిందనుకున్నాడు పిచ్చితండ్రి.

పెద్దాసుపత్రి గుమ్మంలోనే కుర్ర డాక్టరు స్ట్రెచరుతో ఎదురొచ్చి పాపను అందుకున్నాడు. లోపలికి పరుగెత్తాడు.

ఇరవై నిమిషాలకు బయటికొచ్చాడు. మేస్త్రి కళ్ళలోకి చూడలేకపోయాడు.

"మేడమ్ ఫోన్ చేసినప్పట్నుంచీ ఇక్కడే కాసుకుని ఉన్నాం. బయల్దేరేముందే గొట్టం పడుంటే..."

మేస్త్రి గోడ పట్టుకుని కిందకి జారిపోయాడు. "అక్కడ వేసేవాళ్ళు లేకే కదయ్యా, ఇంతదూరం తెచ్చుకుంది!"

"లేకపోవడమేమిటి? మా మేడమ్ అక్కడే ఉన్నారుగా!"

"ఏ మేడమ్?"

కుర్ర డాక్టరు అతని పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"ఇరవయ్యేళ్ళు ఈ పిల్లల వార్డు నడిపి, మా అందరికీ గొట్టం వెయ్యడం నేర్పిన పెద్ద డాక్టరమ్మ; ఇక్కడి లైసెన్సు ఆ రాష్ట్రంలో చెల్లదని టోకెన్ల దగ్గర కూర్చోబెట్టారు."