గోడంత కిటికీ

చేయాల్సినవి ఇవీ.

నీళ్ల పళ్లెం కిటికీ దగ్గర నుంచి తీసి పెరటి చివర పెట్టాలి. గదిలో కిటికీ అద్దం పక్కనున్న పూలకుండీలు లోపలికి జరపాలి. చీకటి పడి దీపం వేయగానే పరదా లాగాలి. అద్దానికి బయటివైపు, రెండేసి అంగుళాల ఎడంలో, తెల్ల చుక్కలు అంటించాలి.

మొదటి మూడూ తమ్ముడు ఒక్క పూటలో చేసేశాడు. నాలుగోదానికి మాత్రం చేతులు రాలేదు. పిట్టలు చస్తూనే ఉన్నాయి.

అతను డ్రాఫ్ట్స్‌మన్. ఎందరి ఇళ్లకో ప్లాన్లు గీశాడు. సొంత ఇంటికి మాత్రం ముందు కిటికీ గీసి, తర్వాత దాని చుట్టూ ఇల్లు గీశాడు. ఆ కిటికీ అక్కది.

అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచింది అక్కే. అక్కా తమ్ముడూ ఉన్న గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా బల్బు వెలగాల్సిందే. ఆ బల్బు కింద కూర్చుని అక్క నల్ల కోట్లకు నల్ల దారంతో కాజాలు కుట్టింది. పద్దెనిమిదేళ్లు. ఆ కాజాల మీదే అతను డిగ్రీ దాకా వచ్చాడు. వాళ్ల వంశంలో డిగ్రీ మొహం చూసింది అతనొక్కడే.

"నువ్వు ఇల్లు కడితే గోడంత కిటికీ పెట్టరా చిన్నోడా," అనేది అక్క, దారం కొరుకుతూ. "దాని ముందు కుర్చీ వేసుక్కూర్చుంటే ఇక నన్నెవరూ లేపలేరు."

కట్టాడు. మూడు నెలల కిందట అక్కను తీసుకొచ్చాడు. వచ్చిన రోజున ఆమె గోడలన్నీ నిమురుకుంటూ ఇల్లంతా తిరిగింది. "ఎంత నున్నగా ఉన్నాయిరా," అంది. చివరికి కిటికీ ముందు కుర్చీలో కూర్చుని, మొహాన్ని ఎండకు ఎత్తి పట్టింది. అతనికి కడుపు నిండిపోయింది.

ఆ వారమే మొదటి పిట్ట పడింది.

అరచేతిలో సగం కూడా లేదు. మెడ వాలిపోయి ఉంది. అద్దం మీద రెక్కల ముద్ర పొడిపొడిగా మిగిలింది. అక్క కంట పడకముందే అతను ఆ ముద్ర తుడిచేసి, పిట్టను కాగితంలో చుట్టి ప్రహరీ పక్కన పాతిపెట్టాడు.

"ఏంట్రా ఆ చప్పుడు?"

"చేతిలోంచి డబ్బా జారిందక్కా."

రెండో పిట్టకు చెంబు జారింది. మూడోదానికి గొడుగు.

"నీ చేతిలో ఏదీ నిలవదేంట్రా? నీకు పెళ్లయితే ఆ పిల్ల గాజు గ్లాసులన్నీ దాచుకోవాలి," అని నవ్వేది అక్క. అతనూ నవ్వేవాడు. గోళ్లలో ఇంకా మట్టి ఉండేది.

అద్దం బిగించిన మేస్త్రీని పిలిచి నిష్ఠూరమాడాడు.

"అద్దం ఉన్నట్టే తెలీకూడదన్నది మీరే కదా సార్," అన్నాడు మేస్త్రీ. "పిట్టలకీ తెలీలేదు."

ఆ నాలుగు పనులూ చెప్పింది మేస్త్రీయే. "చుక్కలైతే ఖాయంగా ఆగుతాయి. చూడ్డానికి మాత్రం అద్దానికి ఆటలమ్మ పోసినట్టుంటుంది. మీ ఇష్టం."

అక్కను అడిగితే సరేనంటుంది. ఆమె దేనికి కాదంది గనక? అందుకే అడగలేదు. జన్మలో ఆమె కోరింది ఒక్కటే. దాన్నీ తన చేత్తో చెడగొట్టాలా? అలాగని పిట్టలేం పాపం చేశాయి?

సాయంత్రం అతను ఆఫీసు నుంచి రాగానే అక్క పేపరు చేతికిచ్చేది. "చదువు. ఇందుకేగా చదివించింది." అతను పైకి చదువుతుంటే వింటూ, మధ్యలో ఆ రోజు కబుర్లు చెప్పేది. రెండు చిలకలొచ్చి పోట్లాడుకున్నాయని, ఎదురింటి పిల్లాడు కొత్త సైకిల్ బెల్లుతో వీధంతా చంపుకుతిన్నాడని. అవి వింటూ అతను ఆ చుక్కల మాట రేపటికి వాయిదా వేసేవాడు.

ఆదివారం పొద్దున అతను బయట మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. కళ్లెదుటే ఒక పిట్ట బాణంలా వచ్చి అద్దానికి కొట్టుకుంది. పరిగెత్తి చేతిలోకి తీసుకున్నాడు. గుండె ఇంకా కొట్టుకుంటోంది. వేళ్లకు తెలుస్తోంది. కాసేపటికి తెలియడం మానేసింది.

తలెత్తేసరికి అద్దానికి అవతల, బారెడు దూరంలో, అక్క సూటిగా అతని వైపే చూస్తోంది.

పిట్టను చప్పున వీపు వెనక దాచుకున్నాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది. అక్క మొహం మారలేదు. ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. చూసి కూడా తన కోసం చూడనట్టు ఊరుకుంది అనుకున్నాడు. అదే అతన్ని మరీ కోసేసింది.

మధ్యాహ్నం అక్క లోపలి గదిలో పడుకోగానే బకెట్టూ నిచ్చెనా తీసుకుని బయటికెళ్లాడు. సబ్బునీళ్లతో అద్దం కడిగి ఆరబెట్టాడు. ఒక్కో చుక్కల పట్టీ అంటించి పై కాగితం ఒడుపుగా లాగితే నిలువునా ఒక వరస చుక్కలు మిగిలేవి. నలభై ఎనిమిది వరసలు. కాళ్లు పీకాయి. ఆగలేదు.

లోపలికొచ్చి చూస్తే అతనికే ఏడుపొచ్చింది. శనగగింజంత తెల్ల చుక్కలు, ఈ మూల నుంచి ఆ మూల దాకా. ఆకాశాన్ని జల్లెడలోంచి చూస్తున్నట్టుంది. తను కలగన్న కిటికీ, గీసిన కిటికీ, అక్కకిచ్చిన కిటికీ ఇది కాదు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

అక్క చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. కుర్చీ వీపు పట్టుకుని ముందుకొచ్చి కూర్చుంది. అద్దం వైపు తిరిగింది. అతను గోడకు ఆనుకుని, చెప్పాల్సిన మాటలు లోలోపల వరస పెట్టుకున్నాడు. క్షమించక్కా. పిట్టలు చచ్చిపోతున్నాయక్కా. నీకు నచ్చకపోతే రేపే గీకేస్తానక్కా.

అక్క సబ్బు వాసన పీల్చింది. మెల్లగా నవ్వింది.

"ఎంత బాగా తుడిచావురా చిన్నోడా, ఒక్క మరక లేకుండా ఆకాశమంతా ఒకే ముక్కగా కనిపిస్తోంది," అంది.