ఊ కొట్టిన పిల్ల

తన పిల్లకు ఎప్పటికీ మాటలు రావేమోనన్నదే ధరణి భయమంతా. పుట్టగానే రక్తం చూసి రాసిన జన్యుజాతకం ఆ మాటే చెప్పింది. ఇప్పుడు ప్రతి ఉయ్యాలకూ ఇలాంటి జాతకం రాసి కడుతున్నారు. అది చదివిన ఇరుగుపొరుగు, పిల్లను పలకరించడమే మానేశారు.

అత్తగారు ప్రమీలమ్మ మాత్రం రోజూ కాళ్లమీద పడుకోబెట్టుకుని, లాలపోస్తూ కథ చెబుతుంది.

"కోతి గారె మింగేసిందే! ఊ కొట్టవేం, గడుగ్గాయీ?"

"దానికి రాదన్నారు కదత్తయ్యా!"

"రాకపోతే నేర్పుతాం. నువ్వు నీళ్లు పొయ్యి."

ఈ ఉదయం కోతి గారె మింగగానే పిల్ల "ఊఁ" అంది. ధరణి చెంబు వదిలేసి, అత్తగారి తడికాళ్లకే దణ్ణం పెట్టింది.

"లేవే, కథ ఆగిపోయిందని అది చూస్తోంది!"

మీ వీధిలోనూ మాటలు రావని జాతకం కట్టిన ఉయ్యాల ఉంటే, ఒకసారి వెళ్లి ఆ పిల్లను పలకరించి రండి.