పై గదిలోంచి

“ఆ కుర్చీలో కూర్చోకు నాయనా!”

మెకానిక్ ఉలిక్కిపడి లేచాడు. మామ్మగారు అటు తిరిగి మంచం మీద బట్టలు మడత పెడుతున్నారు. వీపుకి కళ్ళున్నట్టే అన్నారు ఆ మాట.

“కిర్రుమందిగా! అది ఆయన కుర్చీ” అన్నారు నవ్వుతూ.

“నాన్న పోయి నెల దాటింది. ఇప్పటికీ ఎవర్నీ కూర్చోనివ్వదు” అంది గుమ్మంలో నిలబడ్డ కూతురు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. “పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గరే ఉండేవాడు. వీధిలో పోయే కుక్కని కూడా వదలకుండా కామెంటరీ చెప్పేవాడు. మా ఇంట్లో రేడియో కొనలేదంటే నమ్ముతారా?”

“ఛార్జింగు ప్లగ్గు దీని వెనకుంది మామ్మగారూ. పక్కకి జరుపుతాను.”

“జరుపుకో. పనయ్యాక మళ్ళీ దాని చోట దాన్ని పెట్టెయ్యి.”

అతను పేము కుర్చీని గోడవారకి లాగి, ఇంటర్‌కమ్ సెట్టు కిటికీ కింద బిగించాడు. పాత రకం సెట్టు. తెర ఉన్నది తెద్దామనుకుంటే, గట్టి బటన్లు పైకి పొడుచుకొచ్చినదే కావాలని ఇంటివాళ్ళు పట్టుబట్టారని షాపు ఓనరు ఇది ఇచ్చి పంపాడు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాడు.

“బాగా పనిచేస్తుందిగా?” కూతురు గొంతు తగ్గించింది. “కింద కుట్టుమిషన్ల మోతలో ఈవిడ పిలిస్తే వినబడదు. మొన్న బాత్రూములో జారిపడి ఎంతసేపు అరిచిందో పాపం. అన్నయ్య సాయంత్రం బండి వేసుకుని వస్తున్నాడు, వాళ్ళ ఊరు తీసుకెళ్ళిపోతాడట. ఇది పలికిందంటే వద్దని చెప్పొచ్చు.”

“గుసగుసలెందుకే? వినబడుతోంది” అన్నారు మామ్మగారు. “నేనీ కిటికీ వదిలి ఎక్కడికీ రాను.”

“కిటికీ పిచ్చి నాన్నది. నీకెందుకమ్మా అది?”

మామ్మగారు చేతిలోని మడత పెట్టిన బట్టనే మళ్ళీ మడత పెట్టారు.

కింద ఎవరో కస్టమరు పిలిస్తే కూతురు వెళ్ళిపోయింది. అతను హ్యాండ్‌సెట్టు మామ్మగారి చేతికిచ్చాడు.

“పచ్చది నొక్కితే మాట్లాడ్డానికి, ఎర్రది నొక్కితే...”

“రంగుల గొడవ నాకెందుకులే. పైది మాట్లాడ్డానికి, కిందది ఆపడానికి. అంతేగా?” బొటనవేలితో బటన్లని రెండుసార్లు తడిమి ఒళ్ళో పెట్టుకున్నారు.

రెండో హ్యాండ్‌సెట్టు తీసుకుని అతను గేటు బయటికొచ్చాడు. హలో హలో అంటూ చేసే పరీక్ష అతనికి నచ్చదు. ఒకసారి అలాగే చేసి, మెట్ల మీదుగా వినబడ్డ కేకని సెట్టు పలికిందనుకుని మోసపోయాడు. అందుకే దూరంగా బయట నిలబడి, అవతలివాళ్ళకి కనబడేదేదో చెప్పమంటాడు.

“మామ్మగారూ! కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్పండి.”

“నాకా?” నవ్వు వినబడింది.

“మీకే. వినడానికి బాగుందో లేదో చూడాలి కదా.”

“అయితే ఉండు, చెప్తాను.”

సెట్టులో బుస్సుమని మోత. దాని అడుగున ఎవరో మగమనిషి గొణిగినట్టు, సన్నగా దగ్గినట్టు. పక్కింట్లో ఇలాంటి సెట్టే ఉండుంటుంది, ఛానెల్ కలిసింది అనుకున్నాడు.

“నీలం వ్యాను” అన్నారు మామ్మగారు. “పైన నిచ్చెన. నిచ్చెన చివర ఎర్రగుడ్డ కట్టావు.”

“శభాష్! ఛానెల్ మారుస్తున్నాను. ఇంకోటి చెప్పండి.”

మళ్ళీ ఆ గొణుగుడు. మళ్ళీ ఆ దగ్గు. అది ఆగాకే మామ్మగారి గొంతు వచ్చింది.

“ఎదురు గోడ మీద పిల్లి. తెల్లది. ఒక చెవి నలుపు.”

అతను తల తిప్పాడు. పిల్లి అతన్నే చూస్తోంది.

“ఇప్పుడు నువ్వు వెనక్కి తిరిగి చూశావు.”

అతను ఇంకో ఛానెల్‌కి మార్చాడు. గొణుగుడు ఈసారి ఇంకా దగ్గరగా వినబడింది.

“నీ బండి వెనక టైరులో గాలి తగ్గిందట, చూసుకో నాయనా.”

వంగి చూశాడు. నిజమే. టైరు నేలకి అతుక్కుంటోంది.

మళ్ళీ పైకి వెళ్ళేసరికి మామ్మగారు మంచం మీద ఎక్కడివారక్కడే ఉన్నారు. గోడవార వదిలేసి వెళ్ళిన పేము కుర్చీ మాత్రం కిటికీ దగ్గరికి వచ్చేసింది. తాను మరిచిపోయిన పని ఆవిడే చేసుకున్నారు కాబోలని సిగ్గుపడ్డాడు.

కూతురు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. “ఏమంటోంది సెట్టు?”

“ఖంగుమని పలుకుతోంది. నిశ్చింతగా ఉండండి.”

“హమ్మయ్య!” వెంటనే ఫోను తీసింది. “అన్నయ్యా, బయల్దేరకు. అమ్మ ఇక్కడే ఉంటుంది. ఆ, ఆ, తర్వాత మాట్లాడతాను.”

మామ్మగారి ముఖం విప్పారింది. కుర్చీ వైపు తిరిగి చిన్నగా తల ఊపారు.

“ఒక్కటే లోపం” అన్నాడతను సామాన్లు సర్దుకుంటూ. “మధ్యలో ఎవరిదో మగగొంతు జొరబడుతోంది. రేపొచ్చి అది రాకుండా చేస్తాను.”

“వద్దు నాయనా!” మామ్మగారు గబుక్కున హ్యాండ్‌సెట్టుని గుండెలకి హత్తుకున్నారు. “దాని మానాన దాన్ని ఉండనీ.”

“మీ ఇష్టం. కానీ ఒప్పుకోవాలి, ఈ వయసులో మీ చూపే చూపు! గేటు దగ్గర నిలబడ్డ నాకే మీరు చెప్పేదాకా కనబడలేదు, పిల్లి చెవి రంగుతో సహా చెప్పేశారు.”

కూతురి చేతిలోంచి టేపు జారి కింద పడింది. ఆమె పేము కుర్చీ వైపు చూసింది. అది అప్పుడే ఎవరో ఒత్తిగిలినట్టు కిర్రుమంది.

“షాపులో అన్నీ వివరంగా చెప్పానే... మీకు చెప్పలేదా?” అంది.

“ఏమని?”

“అమ్మకి పుట్టుకతోనే చూపు లేదు.”